బాటసారి తుపాకీ

1813లో కెంటకీ రాష్ట్రం ఒక చట్టం చేసింది. కోటు లోపల పిస్తోలో కత్తో దాచుకుని తిరిగితే జరిమానా. అమెరికాలో ఆయుధం దాచుకోవడాన్ని నేరం చేసిన తొలి చట్టాల్లో అదొకటి. అందులో చిన్న మినహాయింపు ఉంది: ప్రయాణంలో ఉన్నవాడికి ఇది వర్తించదు. ఊళ్ళో ఉన్నవాడికి ఇరుగుపొరుగు ఉన్నారు, షెరీఫ్ ఉన్నాడు. దారిన పోయేవాడికి ఎవరున్నారు? తర్వాత అలబామా, టెక్సాస్ లాంటి రాష్ట్రాలు కూడా తమ చట్టాల్లో బాటసారికి ఇలాంటి సడలింపే ఇచ్చాయి.

ఇవాళ ఆ లెక్క తలకిందులైంది. సొంత రాష్ట్రంలో ఉన్నంతసేపు హక్కు, పొలిమేర దాటితే నేరం.

ఇదంతా తవ్వడానికి నాకో సొంత ప్రశ్న ఉంది: యూటా పర్మిట్ తీసుకోవాలా వద్దా? నేనుండేది ఉత్తర వర్జీనియాలో. యూటాలో ఒక్క రాత్రి కూడా గడపలేదు. అయినా తీసుకోవచ్చు. తుపాకీ దాచుకుని తిరిగే అనుమతి యూటా ఇతర రాష్ట్రాలవాళ్ళకీ ఇస్తుంది. దాని కోసం ఆ రాష్ట్రానికి వెళ్ళక్కర్లేదు. యూటా గుర్తించిన శిక్షకులు మన ఊళ్ళోనే ఒక పూట క్లాసు చెప్తారు, వేలిముద్రలు, ఫోటో పంపిస్తే కార్డు వస్తుంది, ఐదేళ్ళు చెల్లుతుంది. "ముప్పై పైన రాష్ట్రాల్లో పనికొస్తుందన్నా, ఒక శనివారం పోతే పోయింది" అన్నాడు ఆఫీసులో నాతో పనిచేసే కుర్రాడు. 2011లో యూటా ఒక మెలిక పెట్టింది. మన రాష్ట్రం యూటా కార్డుని ఒప్పుకునేదైతే, ముందు మన రాష్ట్రం పర్మిట్ చూపించాలి. వర్జీనియా ఒప్పుకుంటుంది. అంటే నాకు ముందు వర్జీనియాది, తర్వాత యూటాది.

మనవాళ్ళలో ఈ మాటలు ఎప్పుడు మొదలయ్యాయో నాకు బాగా గుర్తు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఒలేతలో, ఆఫీసు అయ్యాక బార్‌లో కూర్చున్న ఒక తెలుగు ఇంజనీర్‌ని ఎవడో మీ దేశానికి పొమ్మని అరిచి కాల్చి చంపాడు. ఆ వారం ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ తుపాకీ గురించే చర్చ. అప్పుడు మాలో చాలామందికి అది ఉత్త చర్చే. వర్క్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దానికో తమాషా మినహాయింపు: వేట లైసెన్స్ ఉంటే ఫర్వాలేదు. పదేళ్ళు కోడ్ రాసినవాడిని నమ్మరు గానీ జింకని కొడతానంటే నమ్ముతారు. నాకు గ్రీన్ కార్డు వచ్చాకే ఇది నిజమైన ప్రశ్న అయింది.

రాష్ట్రం దాటే తుపాకీకీ పౌరసత్వానికీ ఉన్న ముడి మాత్రం చాలా పాతది. 1857 నాటి డ్రెడ్ స్కాట్ తీర్పు అందరూ వినే ఉంటారు, నల్లవాళ్ళు ఈ దేశ పౌరులు కాలేరని సుప్రీంకోర్టు చెప్పింది. ప్రధాన న్యాయమూర్తి టానీ అక్కడ వాడిన వాదన ఒకటి నన్ను ఆపేసింది. వీళ్ళని పౌరులని ఒప్పుకుంటే ఏమవుతుందో ఆయన వరసగా చెప్పుకొచ్చాడు: ఇష్టమొచ్చినప్పుడు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పోతారు, సభలు పెట్టుకుంటారు, ఎక్కడికి వెళ్ళినా ఆయుధాలు వెంట తీసుకెళ్తారు. అంత ఘోరం జరగకూడదు కాబట్టి వాళ్ళు పౌరులు కారు! అంటే పౌరుడైతే ఆయుధంతో రాష్ట్రం దాటొచ్చన్నది ఆయన దృష్టిలో వాదించాల్సిన సంగతి కూడా కాదు.

ఆ తర్వాత లైసెన్స్ వచ్చింది. 1865లో మిసిసిపీ, అప్పుడే విముక్తులైన నల్లవాళ్ళు అనుమతి లేకుండా తుపాకీ ఉంచుకోకూడదని చట్టం చేసింది. ఫ్లోరిడా 1893లో చేసిన లైసెన్స్ చట్టంలో రంగు ప్రస్తావనే లేదు. కానీ 1941లో అదే రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జి ఒకాయన, ఆ చట్టం నల్ల కూలీల చేతుల్లోంచి ఆయుధాలు లాక్కోవడానికి చేసిందేననీ, తెల్లవాళ్ళకి వర్తింపజేసింది లేదనీ తీర్పులోనే రాశాడు. 1956లో మాంట్‌గోమరీలో మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి మీద బాంబు పడింది. ఆయన తుపాకీ పర్మిట్‌కి దరఖాస్తు చేశాడు. ఇవ్వలేదు. ప్రాణభయానికి అంతకంటే రుజువు ఏం కావాలో నాకు తెలీదు.

మన దగ్గర గన్ లైసెన్స్ సంగతి తెలిసినవాళ్ళకి ఇది కొత్తేం కాదు. కలెక్టర్‌కో కమిషనర్‌కో నువ్వు కావాల్సినవాడివైతే అవసరం కనిపిస్తుంది, లేకపోతే కనిపించదు. ఫ్లోరిడా 1987లో ఆ విచక్షణని తీసేసింది. అర్హతలుంటే అధికారి ఇచ్చి తీరాలి. దాని వెనకున్నది తుపాకీ లాబీ అన్నది దాచేస్తే దాగేది కాదు. అయినా అధికారి ఇష్టాయిష్టాల కంటే రాసిపెట్టిన నియమం మేలనే నేనంటాను. రాష్ట్రాలు ఒకదాని వెనక ఒకటి అదే దారి పట్టాయి. ఇప్పుడు 29 రాష్ట్రాల్లో అసలు పర్మిట్టే అక్కర్లేదు. 2022లో బ్రూయెన్ కేసులో సుప్రీంకోర్టు న్యూయార్క్ మార్కు విచక్షణని కూడా కొట్టేసింది. ఇకపై తుపాకీ చట్టాలని పాత చట్టాలతో పోల్చి చూడమంది. ఇప్పుడు ఫెడరల్ జడ్జీలంతా రెండు వందల ఏళ్ళ కోడ్ మీద గిట్ బ్లేమ్ కొట్టుకుంటూ కూర్చున్నారు.

మరి నా దారి సంగతి? నేను తుపాకీ పెట్టుకునే అవకాశమున్న దూర ప్రయాణం ఒక్కటే, ఐ-95 మీద ఎడిసన్. మేరీలాండ్ దాటాలి, డెలావేర్ దాటాలి, న్యూజెర్సీలో దిగాలి. మేరీలాండ్ ఏ ఇతర రాష్ట్రం పర్మిట్‌నీ ఒప్పుకోదు. న్యూజెర్సీ కూడా అంతే. పక్కనే ఉన్న వాషింగ్టన్ డీసీ కూడా. యూటా కార్డు చెల్లే రాష్ట్రాల్లో చాలావాటికి ఇప్పుడు ఏ కార్డూ అక్కర్లేదు, అవసరమైన చోటేమో చెల్లదు. డ్రైవింగ్ లైసెన్స్ అన్ని రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది కదా అనుకుంటాం. అదే ధీమాతో 2013లో ఫిలడెల్ఫియాకి చెందిన ఒక నల్లజాతి తల్లి, పెన్సిల్వేనియా పర్మిట్ ఉందన్న నమ్మకంతో న్యూజెర్సీలోకి వచ్చింది. కారు ఆపిన పోలీసుకి తుపాకీ ఉందని తనే చెప్పింది. జైల్లో పెట్టారు. కనీసం మూడేళ్ళ శిక్ష పడే కేసు. చివరికి 2015లో గవర్నర్ క్రిస్టీ క్షమాభిక్ష పెడితే బయటపడింది.

ప్రయాణికుల కోసం 1986 ఫెడరల్ చట్టం ఒకటుంది. తూటాలు తీసి, తాళం వేసి, చేతికందకుండా పెడితే మధ్య రాష్ట్రాలు దాటొచ్చు. కానీ బయల్దేరిన చోటా చేరే చోటా అది చట్టబద్ధమై ఉండాలి. ఎడిసన్ నాకు మధ్య రాష్ట్రం కాదు, గమ్యం. మధ్యలో అయినా గ్యారంటీ లేదు. 2005లో యూటా మనిషి ఒకాయన విమానం అందక, నెవార్క్‌లో హోటల్లో రాత్రి గడిపాడు. చెకిన్ చేసిన పెట్టె ఆయన చేతికే వచ్చింది, అందులో తాళం వేసిన తుపాకీ. మర్నాడు విమానాశ్రయంలో అది ఉందని చెప్పగానే అరెస్ట్. కేసు తర్వాత ఎత్తేశారు. అరెస్ట్ తప్పని ఆయన వేసిన దావాని మాత్రం 2010లో అప్పీల్ కోర్టు కొట్టేసింది. హోటల్లో పెట్టె ఆయన చేతికి అందుబాటులోనే ఉంది కదా అంది.

ఆయన అమెరికన్. నాకు ఇంకో సెక్షన్ ఉంది. గ్రీన్ కార్డు ఉన్నవాడికి తుపాకీ నేరంలో శిక్ష పడితే, ఎంత చిన్నదైనా సరే, దేశం నుంచి పంపేయడానికి అదొక్కటే చాలు. గవర్నర్ క్షమాభిక్ష పెట్టినా ఈ సెక్షన్‌కి అదే విరుగుడని రాసి లేదు. మా పాప ఇక్కడే పుట్టింది. టానీ లిస్టులో నేనెక్కడున్నానో అర్థమైంది.

దరఖాస్తు చేయలేదు. ఏ రాష్ట్రం పర్మిట్ అయినా దేశమంతా చెల్లాలనే బిల్లుని ప్రతినిధుల సభ 2017లో 231-198 ఓట్లతో పాస్ చేసింది, సెనేట్‌లో ఆగిపోయింది. అది ఎప్పుడైనా చట్టమైతే మేరీలాండ్, న్యూజెర్సీల సంగతి మళ్ళీ చూసుకోవాలి. ఆ దేశ బహిష్కరణ సెక్షన్ జోలికి మాత్రం ఆ బిల్లు వెళ్ళలేదు.