జెమైమా చేతిలో తుపాకీ

మన మీద ఎవరో వేసిన ముద్రని ఏం చేయాలి? చెరిపేయాలా, దాన్నే ఆయుధం చేసుకోవాలా? అస్తిత్వం మాట ఎత్తినప్పుడల్లా మనకి ఎదురయ్యే ఈ ప్రశ్నకి 1972లో అమెరికాలో ఒక నల్లజాతి స్త్రీ ఇచ్చిన జవాబు ఒక చిన్న పెట్టె. అడుగు ఎత్తు కూడా లేదు.

ఆమె బెటీ సార్. 1926లో లాస్ ఏంజెలిస్‌లో పుట్టింది. చిన్నతనంలో వాట్స్‌లోని నాయనమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు సైమన్ రోడియా అనే ఇటలీ కార్మికుడు పగిలిన పెంకులు, సీసా ముక్కలు, గవ్వలు అతికించి గోపురాలు కట్టడం చూసింది. పారేసిన వస్తువుకి రెండో బతుకు ఉంటుందన్న పాఠం అక్కడిదే.

ఇక జెమైమా. 1889లో మొదలైన పాన్‌కేక్ పిండి పేరు ఆంట్ జెమైమా. తలకి రుమాలు, లావాటి ఒళ్లు, చెరగని నవ్వు. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆ వేషం కట్టిన నాన్సీ గ్రీన్ బానిసగా పుట్టిన మనిషి. 1865లో బానిసత్వం రద్దయింది. యజమాని వంటింట్లోని నవ్వు మాత్రం రద్దు కాలేదు, డబ్బా మీదికి ఎక్కింది. దొర పిల్లల్ని సాకుతూ సంతోషంగా ఉండే దాది! అబద్ధాన్ని ఇంతకన్నా తియ్యగా అమ్మడం కష్టం.

1968లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య సార్ పనిలోకి కోపాన్ని తెచ్చింది. పాత సామాన్ల బజార్లలో నల్లవాళ్లని వెక్కిరించే బొమ్మల్ని ఏరింది. అలా దొరికిందే చీపురు పట్టుకున్న ఒక దాది బొమ్మ, నోట్‌ప్యాడ్ పెట్టుకునేది. దాని రెండో చేతికి సార్ తుపాకీ ఇచ్చింది. వెనక వరసగా జెమైమా లేబుళ్లు, కాళ్ల కింద దూది. నోట్‌ప్యాడ్ ఉండాల్సిన చోట ఏడ్చే పిల్లని ఎత్తుకున్న ఇంకో దాది, ఆమె ముందు బిగించిన నల్ల పిడికిలి. పేరు 'ఆంట్ జెమైమా విముక్తి'. చీపురు తీసేయలేదు, గమనించాలి. పనిమనిషి పనిమనిషిగానే తిరగబడింది.

1997లో ఇదే సార్, తనకన్నా చాలా చిన్నదైన నల్లజాతి కళాకారిణి కారా వాకర్‌కి వ్యతిరేకంగా ఉత్తరాలు రాసింది. వాకర్ నల్లకాగితం కత్తిరించి బానిసల కాలపు హింసనీ కామాన్నీ గోడలకెక్కించింది. తెల్లవాళ్ల వినోదానికి మళ్లీ మనమేనా అన్నది సార్ బాధ. ఇది వైరుధ్యమని మేం అనుకోం. సార్ తుపాకీ ఎవరివైపు నిలబడిందో అనుమానం లేదు. వాకర్ బొమ్మల ముందు ఎవరు ఎందుకు నవ్వుతారో చెప్పలేం. అయినా, సాటి కళాకారిణి మీద ఊరంతా ఉత్తరాలు పంపడం మాకు మింగుడుపడదు.

2020లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత కంపెనీ ఆ బొమ్మ తీసేస్తామంది. 2021లో పేరూ మార్చింది. గతంలో జెమైమా వేషం కట్టిన స్త్రీల బంధువులు కొందరు మాత్రం, ముఖంతో పాటు మా వాళ్ల చరిత్రనీ తుడిచేస్తారా అని నిలదీశారు.