గోడ మీద తంబూరా

సంగీత కార్యక్రమం పోస్టరు రెండు పనులు చేయాలి. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు అన్నది చెప్పడం మొదటిది. దారిన పోయేవాడు ఒక్క మాటైనా చదవకముందే అక్కడ ఎలాంటి పాట వినిపిస్తుందో తెలియజెప్పడం రెండోది. కష్టమంతా రెండోదానిలోనే ఉంది. పాశ్చాత్య దేశాల్లో ఆ భారం కాలక్రమంలో అక్షరాల మీదికి మళ్లింది. మన దేశంలో, అందులోనూ ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ లాంటి ఉక్కునగరంలో, అది కళాకారుల ఒంటి మీదే నిలిచిపోయింది. దీన్ని వెనకబాటుగా చూసేవారున్నారు. నేనలా అనుకోను. పోస్టరు పుట్టుక దగ్గర్నుంచి చూస్తే మన పద్ధతికి గట్టి కారణాలే కనిపిస్తాయి.

నిజానికి పాశ్చాత్యుల పోస్టరు కూడా మనిషి బొమ్మతోనే మొదలైంది. 19వ శతాబ్దం రెండో సగంలో పారిస్‌లో జూల్స్ షెరే రంగుల రాతి అచ్చును గోడలకెక్కించాడు. 1891లో తులూజ్ లోత్రెక్ మూలా రూజ్ నాట్యశాలకు వేసిన పోస్టరులో ఎగిరే నర్తకి కాలే మొదట కళ్లబడుతుంది. ఆ తర్వాత మనిషి మెల్లగా తప్పుకున్నాడు. 1955లో జ్యూరిక్ కచేరీ మందిరంలో జరిగే బీతోవెన్ కార్యక్రమానికి యోసెఫ్ ముల్లర్ బ్రాక్‌మన్ వేసిన పోస్టరులో వాద్యమూ లేదు, వాయించేవాడూ లేడు. గణితపు లెక్కతో పేర్చిన నల్లటి వంపులే స్వరాలకు బదులు నిలిచాయి. 1966లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వెస్ విల్సన్ రాక్ కచేరీలకు కరిగి పారుతున్నట్టుండే అక్షరాలు రాశాడు. 1977లో జేమీ రీడ్ పత్రికల్లోంచి కత్తిరించిన అక్షరాలను అతికించి సెక్స్ పిస్టల్స్ బృందం పంక్ సంగీతానికి ఒక ముఖం ఇచ్చాడు. ఈ చివరి మూడూ గొప్ప పనులే. అయితే మూడింటికీ ఒకే ఆధారం ఉంది: చూసేవాడికి చదువు వచ్చు, ఊరందరిదీ ఒకే లిపి. అక్షరం మామూలుగా ఎలా ఉంటుందో తెలిసినవాడికే దాన్ని వంచితే ఎందుకు వంచారో అర్థమవుతుంది.

భిలాయ్‌లో ఆ ఆధారం లేదు. ముల్లర్ బ్రాక్‌మన్ ఆ వంపులు గీసిన 1955లోనే, ఫిబ్రవరి 2న, భిలాయ్ ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం జరిగింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. చుట్టుపక్కల ఛత్తీస్‌గఢీ పల్లెలవాళ్లతో పాటు బెంగాలీలు, పంజాబీలు, మలయాళీలు, ఒడియావాళ్లు కర్మాగారం కాలనీ సెక్టార్లలో ఇరుగుపొరుగులయ్యారు. 1931లో పూర్తయిన రాయపూర్–విజయనగరం రైలుమార్గం ఉత్తరాంధ్రకు దారి వేసే ఉంచింది. తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలోనే చేరారు. 1961 జనాభా లెక్కల నాటికి దేశంలో చదువొచ్చినవారు మూడోవంతు కూడా లేరు. చదువు వచ్చినవాళ్లవీ తలో లిపి. అలాంటి ఊళ్లో అక్షరాల సొగసుతో సంగీతపు తీరు చెప్పాలంటే ఎవరి అక్షరాలు వాడాలి?

జవాబు ఆ నేలలోనే ఉంది. భిలాయ్‌కి దగ్గర్లోని గనియారీలో 1956లో పుట్టిన తీజన్ బాయి పండవానీ గాయని. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేసింది. 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్ అందుకుంది. పండవానీ అంటే పాండవుల కథాగానం. కథకురాలి చేతిలో నెమలీకలు కట్టిన తంబూరా ఉంటుంది. కథ నడిచేకొద్దీ అదే భీముడి గద అవుతుంది, అర్జునుడి విల్లు అవుతుంది. తంబూరా పైకెత్తి, కళ్లు పెద్దవి చేసి, గొంతెత్తిన ఆ నిలువెత్తు రూపం పోస్టరుకెక్కితే కింద హిందీ ఉన్నా, తెలుగు ఉన్నా ఒకటే. ఇది వీరగాథ అని, ఒకే మనిషి అన్ని పాత్రలూ అవుతుందని ఆ చెయ్యే చెబుతుంది. దాని పక్కన పంథీ బృందం బొమ్మ పెట్టి చూడండి. తెల్లటి పంచెలు, మనుషుల మీద మనుషులు నిలబడి కట్టిన గోపురం. గురు ఘాసీదాస్‌ను స్తుతించే సత్‌నామీ మతశాఖవారి సామూహిక గానం అదని తెలియడానికి అక్షరం అక్కర్లేదు.

మన తెలుగు కళలనూ ఇలాగే పోల్చుకుంటాం. మెడలో పూలదండ, చేతిలో చిడతలు, కాలికి గజ్జెలు కనిపిస్తే హరికథ. ముగ్గురు వరసన నిలబడి, నడిమివాడి భుజాన తంబూరా ఉంటే బుర్రకథ. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి, బుర్రకథకుడు షేక్ నాజర్ ఆ రూపాన్ని ఊరూరా తిప్పారు. భుజాన గొంగళి, చేతిలో కర్ర ఉంటే అది గద్దర్ పాట. తంబూరా ఒళ్లో పెట్టుకుని కూర్చున్న త్యాగరాజు బొమ్మ ఉంటే ఆరాధనోత్సవం. తంబూరా త్యాగరాజు దగ్గరా ఉంది, బుర్రకథకుడి దగ్గరా ఉంది, తీజన్ బాయి దగ్గరా ఉంది. ఏ పాటో తేల్చేది దాన్ని పట్టుకున్న తీరే. అందుకే వాద్యం బొమ్మ ఒక్కటే వేసి ఊరుకునే పోస్టరు సగమే చెప్పినట్టు.

బాపు అక్షరాల సంగతేమిటి, ఈశ్వర్ వేసిన సినిమా పోస్టర్ల సంగతేమిటి అని అడగవచ్చు. తెలుగు అక్షరానికి వాళ్లిచ్చిన వయ్యారం తక్కువది కాదు. కానీ సినిమా పేరు రాసిన తీరు కథ స్వభావాన్ని చెబుతుంది: హాస్యమా, భక్తా, పగా అని. సంగీతం దగ్గరికొచ్చేసరికి సినిమా కూడా మనిషినే ఆశ్రయిస్తుంది. 1980 నాటి ‘శంకరాభరణం’ పేరు వింటే కళ్లముందుకొచ్చేది జె.వి. సోమయాజులు నిలువెత్తు రూపమే. ఇప్పుడు అందరికీ చదువొచ్చింది కదా అన్నది మరో అభ్యంతరం. చదువైతే వచ్చింది, లిపి ఒకటి కాలేదు. భిలాయ్ తెలుగు ఇళ్లలో తెలుగు మాట్లాడుతూ హిందీలో చదువుకున్న తరం పెరిగింది. తెలుగు అక్షరాల్లోని సొగసు వాళ్లను చేరదు, చిడతలు పట్టుకున్న చెయ్యి చేరుతుంది.

ఈ పద్ధతికి ఒక పెద్ద లోపం ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. పండవానీలో రెండు శైలులున్నాయి. నిలబడి, తిరుగుతూ, అభినయిస్తూ చెప్పేది కాపాలిక్. కూర్చుని చెప్పేది వేదమతి. ఆడవాళ్లు కూర్చునే పాడాలన్న కట్టుబాటును తీజన్ బాయి తెంచింది. పురుషులదనుకున్న కాపాలిక్‌ను తనదిగా చేసుకుంది. ఆ సాహసానికి చేతులెత్తి మొక్కాలి. అయితే గోడకు నచ్చేది నిలబడి తంబూరా ఎత్తిన బొమ్మే కాబట్టి పండవానీ మొత్తానికీ అదే గుర్తయి కూర్చుంది. ఝాడూరామ్ దేవాంగన్, పూనారామ్ నిషాద్, భిలాయ్ బిడ్డ రీతూ వర్మ (మన సినిమా నటి కాదు) వేదమతిలో పేరు తెచ్చుకున్నవాళ్లు. మోకాళ్ల మీద కూర్చుని కథ చెప్పే రీతూ వర్మ రూపానిది మరో బిగువు. బయటి రాష్ట్రాలవాళ్లకు ఆ బొమ్మ దాదాపు తెలియదు. పోస్టరు ఒక శైలిని పరిచయం చేస్తూనే ఇంకో శైలిని నీడలోకి నెట్టింది. దీనికి మందు అక్షరాల్లో దొరకదు. కూర్చున్న కథకురాలి బొమ్మను కూడా అంతే పెద్దదిగా వేయాలి.

ఫ్లెక్సీలొచ్చాక అసలు ఏ బొమ్మకూ చోటు లేకుండా పోయింది. అతిథుల, దాతల ముఖాలు వరసలు కట్టి, కళాకారుడు మూలన తపాలాబిళ్లంత మిగులుతున్నాడు. పండవానీ అయినా, హరికథ అయినా, సినిమా పాటల విభావరి అయినా దూరం నుంచి ఒకేలా ఉంటున్నాయి. భిలాయ్‌లోనైనా, మరే ఊళ్లోనైనా కార్యక్రమాలు జరిపే తెలుగువారికి నా విన్నపం ఒకటే: దాతల పేర్లు కింద ఒక వరసలో వేయండి. కళాకారుణ్ణి, అతని వాద్యాన్ని, అతను దాన్ని పట్టుకున్న తీరును నడిమధ్య నిలపండి.