సిద్ధాంత వ్యాసాల జాడ: డాక్టర్ హమీదుల్లా పరిశోధన ఒక ఉదాహరణ

విశ్వవిద్యాలయం ఒకరికి డాక్టరేటు ఇచ్చిందంటే ఆ సిద్ధాంత వ్యాసం ఎక్కడో ఒకచోట భద్రంగా ఉంటుందని అనుకుంటాం. ఉంటుంది కూడా. కాని చదవగోరిన వారికి ఒక పట్టాన దొరకదు. మూల ప్రతి గ్రంథాలయపు బీరువాలో ఉండగా, అందులోని విషయం వేరొక పేరుతో, వేరొక భాషలో, ఏ పత్రికా సంపుటంలోనో కనిపిస్తుంది. హైదరాబాదులో జన్మించిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా (1908-2002) గారి కృషిని వెదకబోయిన వారికి ఈ సంగతి బాగా అనుభవంలోకి వస్తుంది.

ఉస్మానియాలో చదివిన హమీదుల్లా గారు ఇస్లామీయ అంతర్జాతీయ న్యాయశాస్త్రాన్ని తమ రంగంగా ఎంచుకున్నారు. అందులో తటస్థతను గురించిన పరిశోధనకు జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయం 1933లో డాక్టరేటు ఇచ్చింది. ఆ విషయంపై ఆయన జర్మన్ వ్యాసం 1935లో జర్మన్ ప్రాచ్య విద్యా పరిషత్తు పత్రిక 89వ సంపుటంలో అచ్చయింది. గ్రంథాల పట్టిక మాత్రమే తిరగవేసే వారికి ఇది కనబడే అవకాశం లేదు. అదే 1935లో పారిస్‌లో, దైవప్రవక్త (స) కాలపు, ఖులఫాయె రాషిదీన్ కాలపు దౌత్య వ్యవహారాలపై ఆయన రెండవ సిద్ధాంత గ్రంథం ఫ్రెంచిలో వెలువడింది. ఆనాటి ఒడంబడికలు, లేఖల అరబీ మూలాలు కావాలంటే మాత్రం 1941లో కైరోలో అచ్చయిన 'మజ్మూఅతుల్ వసాయిఖిస్ సియాసియా' చూడాలి. ఆ సంవత్సరమే హైదరాబాదు త్రైమాసికం 'ఇస్లామిక్ కల్చర్'లో ఆయన 'ముస్లిం కాండక్ట్ ఆఫ్ స్టేట్' ఆంగ్లంలో వచ్చింది. గ్రంథరూపం తరువాతి మాట. ఒకే మనిషి, ఒకే పరిశోధనా మార్గం, నాలుగు భాషలు. ఒకదానితో ఆగిపోయిన వారికి మిగిలినవి ఉన్నట్లే తెలియదు.

ఈ చిక్కును కొంత విప్పినవాడు లండన్ ప్రాచ్య, ఆఫ్రికా విద్యాలయ గ్రంథపాలకుడు జె. డి. పియర్సన్. 1958లో ఆయన ప్రకటించిన 'ఇండెక్స్ ఇస్లామికస్' 1906 నుంచి 1955 వరకు వచ్చిన 26 వేలకు పైగా వ్యాసాలను విషయానుసారంగా కూర్చింది. పత్రికలనే గాక సన్మాన సంచికలను, సదస్సుల సంపుటాలను కూడా జల్లెడ పట్టడం అందులోని గొప్ప మేలు. సదస్సు పత్రాల బాధ పరిశోధకులకు తెలియనిది కాదు. 1941 డిసెంబరులో హైదరాబాదులో అఖిల భారత ప్రాచ్య విద్యా మహాసభ జరిగింది. ఇటువంటి సభలలో చదివిన పత్రాలలో కొన్ని సంగ్రహాలుగానే మిగిలిపోతాయి. పూర్తిగా అచ్చయినవి సంపుటంలో ఏ మూలనో ఉంటాయి. సభ జరిగిన సంవత్సరం వేరు, సంపుటం వెలువడిన సంవత్సరం వేరు. వెదికేవారు తరచు తడబడేది ఇక్కడే.

అయితే పియర్సన్ సూచిక ఐరోపా భాషల వ్యాసాలకే పరిమితం. 1916లో ఆజంగఢ్‌లో ప్రారంభమైన ఉర్దూ మాసపత్రిక 'మఆరిఫ్'కు అందులో చోటు లేదు. హమీదుల్లా గారి ఉర్దూ వ్యాసాలు ఎన్నో ఆ పత్రికలోనే ఉన్నాయి. ముస్లింలు తమ భాషలో తమ చరిత్రను గురించి రాసుకున్నది ముస్లిం చరిత్ర సూచికలోనే లేకపోవడం చిన్న లోటు కాదు. సూచికలో లేదు గనుక అసలు లేదని తీర్మానించిన పండితులు ఉన్నారు! మన జిల్లాల మదరసాలపైన, వక్ఫులపైన పనిచేసే యువకులు కూడా ఆంగ్ల పట్టికలు మాత్రమే చూస్తే అదే పొరపాటు చేస్తారు.

సిద్ధాంత వ్యాసాలకు వేరే పట్టికలు ఉన్నాయి. బ్రిటన్, ఐర్లండ్ విశ్వవిద్యాలయాలు 1880-1978 మధ్య ఇస్లాం, మధ్య ప్రాచ్యం, వాయవ్య ఆఫ్రికాలపై ఆమోదించిన వాటిని పీటర్ స్లగ్లెట్ 1983లో పట్టికగా ప్రకటించారు. మన దేశంలో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం 2009 నిబంధనలతో సిద్ధాంత వ్యాసాల ఎలక్ట్రానిక్ ప్రతిని ఇవ్వడం ఆచారమయింది. అవి గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహించే 'శోధగంగ'లో చేరుతున్నాయి. ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. పాతవి అన్నీ అందులోకి ఎక్కలేదు. వాటికోసం ఇప్పటికీ ఆ విశ్వవిద్యాలయపు మెట్లు ఎక్కవలసిందే.

వెదికేటప్పుడు పేర్లతో జాగ్రత్త అవసరం. ముహమ్మద్ అన్న ఒక్క నామాన్నే ఆంగ్ల లిపిలో నాలుగైదు విధాల రాస్తారు. అరబీ అక్షరాల కింద చుక్కలు ఒక పట్టికలో ఉంటాయి, మరొక పట్టికలో ఉండవు. ఒక రూపంతో దొరకకపోతే మరొక రూపంతో, అదీ కాకపోతే విషయంతో, చివరకు పర్యవేక్షించిన ఆచార్యుని పేరుతో ప్రయత్నించాలి.