కాలువ వెంట క్యాంపులు

తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయింది. ఎడమ కాలువ నీళ్లు ఇప్పటి కర్ణాటకలోని గంగావతి, సింధనూరు వైపు పారాక గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు వలస వెళ్లి అక్కడ నల్లరేగడి కొన్నారు. మన ఊళ్లో ఎకరం అమ్మితే అక్కడ నాలుగైదు వచ్చేవని నాన్న చెప్పేవాడు.

మేమూ అలాగే వెళ్లాం. జొన్న పండే మెరకను వరిమడి చెయ్యడమే అసలు కష్టం. తుమ్మ మోళ్లు పెకలించాలి, ఎడ్లకు పలక కట్టి దిబ్బల మట్టి పల్లంలోకి లాగాలి. కూలీలు దొరక్క ఇంటిల్లిపాదీ దిగేవాళ్లం. అన్నయ్య రాత్రిళ్లు తూము దగ్గర నీటికి కాపలా. నేను నారు కట్టలు అందించేదాన్ని. గింజ పాలు పోసుకునే వేళ డబ్బా వాయించి పిట్టల్ని తోలేదాన్ని. చెల్లి గట్టు మీద చీర ఉయ్యాలలో. ఆనకట్ట చరిత్రలో ఇంజినీర్లుంటారు. ఆ మడుల్లో పిల్లల చాకిరీ కూడా ఉంది, అది రాసి తీరాలి.

రైతుల గుడిసెల వరసలే క్యాంపులయ్యాయి; ఆ పేర్లు ఇప్పటికీ ఉన్నాయి. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. లిపి దగ్గరిది కాబట్టి నాన్న మా పుస్తకాలు కూడబలుక్కుని చదివేవాడు.

వరి మీద వరి వేసి నీళ్లు నిలబెట్టడంతో పల్లపు చేలలో చౌడు తేలింది. మురుగు కాలువలు ముందే తవ్వించి ఉండాల్సింది.