ఆక్రన్‌లో పోసిన వానపాము

సూరత్ జిల్లా పల్సాణా తాలూకాలోని జోల్వా చుట్టూ బట్టల మిల్లులు. పడమటి దిక్కున, తాపీ సముద్రంలో కలిసే హజీరాలో, రిలయన్స్ పీవీసీ కర్మాగారం. చేపలకు వేసే మెత్తటి ప్లాస్టిక్ ఎరలకు మూలపదార్థం ఆ పీవీసీయే. సూరత్ మగ్గాల మీద పనిచేయడానికి తెలంగాణ నుంచి వలసవచ్చిన పద్మశాలీల చేతుల్లో నేర్పుకూ కొదవలేదు. అయినా ఎరలను ఇంట్లో అచ్చులో పోసుకునే సరదా పుట్టింది అమెరికాలో, ఓహైయో రాష్ట్రంలోని ఆక్రన్‌లో. సరుకు చేరువలో ఉంటే చేతిపని దానంతటదే మొలుస్తుందనుకోవడం పొరపాటని నా వాదన.

ఆక్రన్‌లోనే గుడ్‌రిచ్ రబ్బరు కంపెనీ ఉండేది కదా, అక్కడి వాల్డో సీమన్ 1926లోనే పీవీసీని మెత్తబరిచాడు కదా, అది సరుకు మహిమ కాదా అని అడగవచ్చు. కానీ అదే ఊళ్లో నిక్ క్రీమ్ దంపతులు ఇంట్లో ప్లాస్టిక్ వానపాము పోసింది 1949లో. మధ్యలో 23 ఏళ్లు సరుకు ఉంది, ఎర లేదు. క్రీమ్ యంత్రాల పనివాడు, అచ్చు సంగతి తెలిసినవాడు; పైగా అక్కడి నీళ్లలో కదిలేదాన్ని చూసి మింగే బాస్ చేప ఉంది. పాత రబ్బరు ఎరల బిరుసు పోయి, నీటిలో వంకర్లు పోయే పురుగు కావలసివచ్చింది. తర్వాత ఫ్యాక్టరీలు వచ్చినా ఇంటిపని ఆగలేదు. పాలలాంటి ప్లాస్టిసాల్ ద్రవాన్ని సుమారు 175 డిగ్రీల సెల్సియస్ దాకా కాచి ప్లాస్టర్ అచ్చులో పోస్తే చాలు. చల్లారి మెత్తగా గట్టిపడుతుంది. తెగిన ఎరలనూ మళ్లీ కరిగించవచ్చు. మాడితే మాత్రం ఘాటైన ఆమ్లపు పొగ. అచ్చులో నీటిచుక్క ఉంటే కాగిన ద్రవం చిందుతుంది. వంటపొయ్యి మీద చేయదగ్గ పని కాదు.

చెరువుగట్టున తవ్వితే వానపాము ఊరికే దొరికే మనకు ప్లాస్టిక్‌ది దేనికన్న ప్రశ్నలో సగం నిజముంది. కూర కోసం గాలం వేసేవాడికి దాని అవసరం లేదు. బొచ్చె, రాగండి వంటివి తవుడు ముద్దకు వస్తాయి గాని పారిపోయేదాన్ని వెంటాడవు. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను దారి వేరు: అది వేటాడి తింటుంది, కప్పను వదలదు. అందుకే ఇటీవల అక్కడి గాలపు సరదాగాళ్లు కలుపు మీదుగా మెత్తటి ప్లాస్టిక్ కప్పను లాగుతున్నారు. చేప వచ్చింది, సరదా వచ్చింది. ఇంట్లో పోసుకోవడానికి మాత్రం ఆ కప్పే ఇబ్బంది. వానపాము నిండు ముద్ద, ఒక్క అచ్చుతో తీరుతుంది. నీటిపై తేలే కప్పకు లోపల బోలు ఉండాలి, అది నిండుగా పోసే అచ్చుతో తీరదు.