మెడికల్ కార్డులో పేరు

బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ తెలుగు రైల్వే కుటుంబాల్లో బీరువా తెరిస్తే, ఇంటి కాగితాల సరసన ఒక మెడికల్ కార్డు కనిపిస్తుంది. అంచులు నలిగిన చిన్న పుస్తకం. లోపల ఇంటిల్లిపాది ఫొటోలు, పుట్టిన తేదీలు. ఆరోగ్య బీమా అవసరమా కాదా అన్న ప్రశ్న ఆ పుస్తకం ఉన్నంతకాలం ఆ గడప తొక్కలేదు.

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. కటక్ నుంచి వాల్తేరు దాకా తూర్పు తీరపు లైను 1902లో దాని చేతికొచ్చింది. అప్పట్నుంచి శ్రీకాకుళం, విజయనగరం పల్లెల జనానికి ఖరగ్‌పూర్ దూరాభారం కాకుండా పోయింది. అక్కడి రైల్వే వర్క్‌షాపులో చేరినవాడు ఊళ్లోని బావమరిదిని పిలిపించుకున్నాడు, ఆ బావమరిది ఇంకొకణ్ని.

కంపెనీ ఆసుపత్రి పెట్టింది దయతోనే అనుకోనక్కర్లేదు. ఫిట్టరు మలేరియాతో మంచమెక్కితే ఇంజను షెడ్డులోనే ఉండిపోతుంది. 'సిక్‌'లో ఉన్నవాడు 'ఫిట్' సర్టిఫికెట్ తెచ్చాకే డ్యూటీ ఎక్కాలి. డాక్టరు చెయ్యి నాడి మీద ఉంటే, కంపెనీ కన్ను హాజరుపట్టీ మీద ఉండేది. జర్మనీలో బిస్మార్క్ 1883లోనే కార్మికుల జబ్బులకు చందాలతో చట్టబద్ధమైన బీమా పెట్టాడు. ఇక్కడ చందా లేదు, ఉద్యోగమే చందా.

చిక్కంతా అక్కడే. 1927లో వర్క్‌షాపులో ఉద్యోగాల కోత పడింది, సమ్మె జరిగింది. కార్మికుల పక్షాన నిలిచినవాడు బరంపురంలో పుట్టిన తెలుగువాడు, తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి.గిరి. పేరు కొట్టేస్తే పోయేది జీతం ఒక్కటే కాదు. క్వార్టరు, మందుసీసా కూడా.

రిటైరై క్వార్టరు ఖాళీ చేశాక ఇందా లాంటి పేటల్లో ఇల్లు చూసుకున్నవాళ్లకు 1997 నాటి పథకం ఊరటనిచ్చింది. ఒకేసారి కొంత మొత్తం కడితే భార్యాభర్తలకు రైల్వే వైద్యం సాగుతుంది. చదువు ముగించి వయసు దాటిన కొడుక్కి సాగదు. వాడికి రైల్వేలో పని దొరక్కపోతే, మూడు తరాల ధీమా వాడి దగ్గర తెగిపోయినట్టే.

2007లో ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన తొలి మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. అక్కడ తెల్లకార్డున్న పెదనాన్న కొడుకు గుండె ఆపరేషన్‌కు పైసా కట్టనక్కర్లేదు. ఇందాలో ఉన్న తమ్ముడికి ఆ కార్డు రాదు. 2008లో కేంద్రం తెచ్చిన బీమా పేద కుటుంబానికి ఏడాదికి 30,000 రూపాయలే ఇచ్చేది. బెంగాల్ 'స్వాస్థ్య సాథీ' 2016 డిసెంబరులో, కుటుంబానికి 5 లక్షల దాకా హామీతో వచ్చింది. కార్డు ఇంటి ఆడమనిషి పేర. బీరువాలో మామగారి పుస్తకం పక్కన కోడలి కార్డు చేరింది.

అయితే అది ఆసుపత్రిలో చేరితేనే పనికొచ్చే కార్డు. తండ్రికీ కొడుక్కీ ఒకే బీపీ. తండ్రి రైల్వే ఆసుపత్రిలో వరసలో నిలబడి నెలకు సరిపడా మాత్రలు ఊరికే తెచ్చుకుంటాడు. కొడుకు ఇందా మందుల షాపులో పది మాత్రల అట్ట కొని, మిగిలిన చిల్లర లెక్కపెట్టుకుంటాడు.