నడుమునొప్పికి స్టెరాయిడు సూదిమందు

నడుమునొప్పి ఎరుగనివారు అరుదు. ఒక్కొక్కప్పుడు అది పిరుదు మీదుగా పిక్కవరకు ప్రాకును. దీనిని వైద్యులు సయాటికా అనియు, ఆయుర్వేదమున గృధ్రసి అనియు అందురు. ఈ బాధకు వెన్నులోనికి మందెక్కించు పద్ధతి ఎట్లు పుట్టినది? దాని విలువను శాస్త్రజ్ఞులు ఎట్లు నిర్ణయించిరి?

1901లో పారిస్ నగరమున సికార్, కాతలాఁ అను వైద్యులు, ఒకరితో నొకరికి సంబంధము లేకయే, త్రికాస్థి చివరనున్న రంధ్రముగుండా సూదిని పోనిచ్చిరి. వెన్నుపామును కప్పియుండు దట్టమైన పొరకు వెలుపలి సందులో కొకైను ద్రావణమును ఎక్కించిరి. సికార్ దీనిని సయాటికా రోగులకు వాడెను. బాధ తగ్గెను గాని దాని మూలము తెలియలేదు. 1934లో బోస్టన్ వైద్యులైన మిక్స్‌టర్, బార్ దానిని వెల్లడించిరి. వెన్నుపూసల నడుమ మెత్తలవంటి బిళ్ళలు కలవు. బిళ్ళ చీలినచో లోపలి పదార్థము వెలికి వచ్చి నాడీమూలమును ఒత్తును. ఒత్తిడితోపాటు అచ్చట వాపుకూడ కలుగునని తరువాత తేలినది.

వాపును అణచు మందు వేరొక దారిన వచ్చినది. మూత్రపిండములపై టోపీలవలె అమరియుండునవి అధివృక్క గ్రంథులు. అమెరికాలోని మేయో క్లినిక్‌నందు కెండాల్ అను రసాయనవేత్త వానినుండి కొన్ని పదార్థములను వేరుచేసెను. 1948 సెప్టెంబరులో హెంచ్ అను వైద్యుడు వానిలో నొకదానిని, కీళ్ళవాతముచే కదలుటయే కష్టమైన 29 ఏండ్ల యువతికి ఇచ్చెను. కొద్ది దినములలోనే ఆమె తేలికగా నడచెను. అదియే కార్టిసోన్. కెండాల్, హెంచ్, స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు రైక్‌స్టైన్ 1950లో నోబెల్ బహుమానము పొందిరి.

ఐతే ఈ మందు శరీరమంతట చాలకాలము వ్యాపించినచో ముఖము ఉబ్బును, ఎముకలు బలహీనమగును, నెత్తుటిలో చక్కెర పెరుగును. బాధయున్న చోటనే కొద్దిగా ఎక్కించిన చాలునుగదా అని వైద్యులు తలచిరి. 1952లో ఇటలీలో రొబెక్కి, కాప్రా అనువారు హైడ్రోకార్టిసోనును నాడీమూలము చెంత ఎక్కించి, రోగికి ఉపశమనము కలిగినదని తెలిపిరి. పద్ధతి ఇతర దేశములకును వ్యాపించినది.

ఇచ్చటనే ఒక చిక్కు కలదు. సయాటికా పలువురికి కొన్ని వారములలో తనంతట తానే తగ్గును. అట్టిచో సూదివలననే తగ్గినదని చెప్పుట ఎట్లు? 1997లో కెనడా వైద్యులు 158 మంది రోగులను, చీట్లు వేసి పంచినట్లు, రెండు గుంపులు చేసిరి. ఒక గుంపునకు స్టెరాయిడును, రెండవదానికి ఉప్పునీటిని ఎక్కించిరి. తమకేది ఇచ్చినదియు రోగులకు తెలియనీయలేదు. ఆరు వారములకు మొదటి గుంపువారికి కాలినొప్పి కొంత ఎక్కువగా తగ్గినది. మూడు నెలలకు ఆ తేడా మాసిపోయినది. ఏడాదిలో రెండు గుంపులందును నూటికి సుమారు 25 మందికి శస్త్రచికిత్స జరిగినది.

అపాయములును లేకపోలేదు. 2012లో బూజు చేరిన స్టెరాయిడు సీసాలవలన అమెరికాలో 60 మందికి పైగా మరణించిరి. ఈ సూదివలన అరుదుగా చూపు పోవుట, పక్షవాతము, మరణము సంభవింపవచ్చునని ఆ దేశపు ఔషధ నియంత్రణ శాఖ 2014లో హెచ్చరించెను.

కాబట్టి ఈ సూదిమందు కాలికి ప్రాకు బాధను కొంతకాలము తగ్గింపవచ్చును. చీలిన బిళ్ళను మాత్రము అతుకదు. కేవలము నడుమునందే నొప్పియున్నవారికి దీనివలన మేలు కలుగునని రుజువు కాలేదు. మందు తరువాత బాధ తగ్గుట వేరు, మందువలన తగ్గుట వేరు. ఈ భేదమును తేల్చినది ఉప్పునీటితో చేసిన పోలిక.